గాలం మీది నూగు

"వేలు వాస్తే దవాఖానకు పోతరా ఎవలన్న? పసుపు, సున్నం పెట్టుకో, గదే గుంజుతది" అన్నది అత్త భద్రమ్మ, గడపలో జొన్నలు చెరుగుతూ.

బీరమ్మ వాచిన వేలు చూసుకుంది. పసుపూ సున్నమూ పెట్టి నాలుగు రోజులైంది. అవి గుంజింది ఏమీ లేదు. కుడి చేతి బొటనవేలు వంకాయలా నిగనిగలాడుతోంది. అక్కడి నుంచి ఎర్రటి గీత ఒకటి మణికట్టు దాటి మోచేతి వైపు పాకుతోంది. పొద్దున చంకలో బిళ్ళ కట్టింది. రాళ్ళు మోసే ఉప్పలమ్మకు పోయినేడు ఇట్లాగే మొదలైంది. ఆలస్యమైందని దవాఖానలో ఆమె చెయ్యి తీసేశారు. ఇప్పుడు ఉప్పలమ్మ పిల్లకు జడ వేయాలన్నా ఇంకొకరిని బతిమాలుకోవాలి.

అది కృష్ణ మీద డ్యామ్ కడుతున్న క్యాంపు. బీరమ్మ మొగుడు గోపయ్య ఇంజనీరు సాబు బంగళాలో చౌకీదారు. సాబుకు చేపల వేట పిచ్చి. ఆయన వానపాము గుచ్చడు. చిన్న గాలానికి బొచ్చూ దారమూ చుట్టి, అచ్చం పురుగులా చేసినదాన్ని నీళ్ళ మీదికి విసురుతాడు. విదేశం నుంచి తెచ్చుకున్నవి అయిపోవస్తే గోపయ్య ఒకటి ఇంటికి తెచ్చి చూపించాడు. బీరమ్మ దాన్ని పోగు పోగుగా విప్పి నవ్వింది. ఇది వడకడమే కదా! గొర్రెలు కాసి ఉన్ని వడికే కురుమల ఇంట పుట్టి ఏడేళ్ళకే కదురు పట్టినదానికి ఇదొక విద్యా? కుందేలు తోలు మీది బిరుసు వెంట్రుకలు ఏరి పక్కన పెట్టి, అడుగున దాగిన మెత్తటి నూగు గిల్లింది. దారానికి తేనెమైనం రాసి, చిటికెడుకన్నా తక్కువ నూగు అద్ది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకే వైపు పురి తిప్పింది. రెండో వైపు తిప్పితే అంతా ఊడిపోతుంది. గాలాన్ని పట్టకారులో బిగించి, పట్టకారును కాలివేళ్ళతో అదిమిపట్టి, ఆ పోగును చుట్టింది. ఆఖరున రెండు బిరుసు వెంట్రుకలు కలిపితే పురుగుకు కాళ్ళొచ్చాయి. గోపయ్య దాన్ని తానే కట్టానని చెప్పి సాబుకిచ్చాడు.

"సాబు నా చేతులు పట్టుకోని చూసిండే! గోపయ్యా, నీ చేతులల్ల దేవుడున్నడన్నడు. నౌకరి పర్మినెంటు చేస్తడంట" అని గోపయ్య మురిసిన రోజు ఆమె కూడా మురిసింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమె పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. కాకపోతే మెప్పు వేరే చేతులకు పోయింది. సిగ్గులేని మనసు, ఎంగిలి మెప్పునైనా కళ్ళకద్దుకుంది.

"నేను చేస్తున్ననని చెప్పరాదు?" అని ఒకసారి అడిగింది కూడా.

"పిచ్చి లేసిందా? చెప్తే కొలువు నీకిస్తడా?"

కులంలో అతనికి ఇంకో బెంగ. కురుమల్లో మగవాడు గొంగడి నేస్తాడు, వడకడం ఆడవాళ్ళ పని. మగవాడు కదురు ముట్టాడంటే గొల్లున నవ్వుతారు. అందుకని సాబు దగ్గర అది గోపయ్య పనితనం, కులపోళ్ళ దగ్గర అసలు ఆ పనే లేదు. రెండు చోట్లా బీరమ్మ లేదు.

నాలుగు రోజుల కింద పురుగు కడుతుంటే బీరమ్మ బొటనవేలిలో ముల్లుదాకా దిగిన గాలాన్ని గోపయ్యే పట్టకారుతో లాగేశాడు, మాంసంతో సహా. ఈ పొద్దున దవాఖానకు తోల్కపొమ్మంటే ముఖం తిప్పుకున్నాడు.

"ఏమైందని డాక్టరు అడుగుతడు, నువ్వు గాలమంటవు. ఆయన, సాబు కలిసి చాయ్ తాగుతరు. జర ఓర్చుకో. ఎల్లుండి పట్నంకెల్లి పెద్ద సాబులొస్తున్నరు, పన్నెండు పురుగులు కావాలె" అని చెప్పి డ్యూటీకి పోయాడు.

అతను పోయాక బీరమ్మ నూగును ఉంగరపువేలితో తిప్పి చూసింది. నూగు దారానికి పట్టలేదు. ఎడమ చేత్తో తిప్పింది. పురి తిరగబడి మొత్తం ఒళ్ళో రాలింది. నొప్పికన్నా ఆ రాలిన నూగును చూసి ఎక్కువ ఏడ్చింది. ఈ చెయ్యి పోతే తను ఎవరు? ఇక ఉన్ని వడకలేదు, పిండి పిసకలేదు, తన పిల్లను ఎత్తుకోలేదు. గోపయ్య చేతులు మాత్రం ఉంటాయి. సాబు పట్టుకొని మెచ్చుకున్న చేతులు. ఆ మాట తోచగానే ఏడుపు ఆగింది. భయం ఆగలేదు.

కట్టి ఉంచిన పురుగునొకదాన్ని కొంగున ముడేసుకొని లేచింది.

"యాడికే? వాడొచ్చినంక పో" అన్నది భద్రమ్మ.

"ఆయనొచ్చేదాక ఇది ఆగదత్తా."

దవాఖానలో డాక్టరు వేలు చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నిన్ననే రావాల్సింది. ఇది గాలం గాటు. గాలాలు కట్టేది మీ ఆయన కదా? నీకెలా దిగింది?"

చూడక గాలం మీద చెయ్యి పెట్టానని చెప్పొచ్చు. పడ్డానని చెప్పొచ్చు. నాలుగు రోజులుగా మొగుడు నూరిపోసిన అబద్ధాలన్నీ నాలుక మీదే ఉన్నాయి. వాటి వెనకే గోపయ్య కొలువూ, క్వార్టరూ, అత్త శాపనార్థాలూ ఉన్నాయి. బీరమ్మ ఎడమ చేత్తో కొంగు విప్పి, పురుగును బల్ల మీద పెట్టింది. పక్కనే వాచిన చెయ్యి పెట్టింది.

"మా ఆయన చేతులు కూడ ఒకపారి చూడుండ్రి సారూ. ఒక్క గాటన్న ఉన్నదేమో."