కలిపి చూడు, సేటూ

"తేమ పన్నెండు శాతం. తొమ్మిది దాటితే తీసుకోం. బండి తిప్పుండ్రి."

అమరచింత దారిలోని కొనుగోలు షెడ్డులో, తేమ మిషన్ పక్కన నిలబడి సేటు రాములమ్మతో అన్నాడు. ఆమెతో కలిపి ఐదుగురు ఆడవాళ్లు కౌలు చేలో పండించిన పల్లికాయ అది. నెత్తిమీద మబ్బు. ఈ పూట దిగకపోతే బండెడు కాయా బూజు పట్టిపోతుంది.

తప్పు తనదే అనుకుంది. వానకు తడిసిన రెండు బస్తాలను దాచకుండా వేరుగా కట్టించింది తనే. సేటు వాటిలో తేమ చూశాడు, పదహారు. ఎండిన పద్దెనిమిది బస్తాల్లో చూశాడు, ఎనిమిది. రెండూ కూడి సగం చేసి పన్నెండన్నాడు.

"సగమెట్లయితది?" డిగ్రీ చదివే ఆమె కూతురు ఉమారాణి ముందుకొచ్చింది. "అన్నీ ఒక్క తూకం బస్తాలే. పదారు రెండింటికే, ఎనిమిది పద్దెనిమిదింటికి. రెండు పదార్లు ముప్పై రెండు. పద్దెనిమిది ఎనిమిదులు నూట నలభై నాలుగు. రెండూ కూడి ఇరవై బస్తాలకు పంచు. తొమ్మిది లోపలనే వస్తది. బరువెటుంటే లెక్క అటు మొగ్గాలె!"

"కాలేజీ లెక్క కాలేజీల చెప్పుకో. ఏండ్ల సంది ఈడ గిదే పద్ధతి."

"ఏండ్ల సంది గిట్లనే ముంచుతున్నవా?" వెనక వరసలోని బండి మీంచి యాదయ్య అరిచాడు. "మొన్న నన్ను గూడ గిట్లనే తిప్పి పంపినవు గద!"

"సేటూ, బిందెడు నీళ్లల్ల చెంచెడు ఉప్పేసి సగం ఉప్పే అంటవా?" హమాలీ మద్దిలేటి మాటకు వరసంతా నవ్వింది.

రాములమ్మ నవ్వలేదు. కొడవలితో బస్తా మూతి కోసింది. మిగతా ఆడవాళ్లూ కోశారు. తడీ పొడీ ఒకే కుప్పయ్యింది. చేతులతో కలియబెట్టారు. ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు.

"ఇప్పుడు పెట్టు మిషను."

సేటు మిషన్ ఆపేసి ఫోన్ తీశాడు. కాసేపటికే టాపు లేని జీపు వచ్చింది. "పనికి అడ్డం పడుతవా?" అంటూ పోలీసులు రాములమ్మను రెక్క పట్టి ఎక్కించారు. ఉరిమింది. జీపు కదలకముందే వెనక జలజలమని చప్పుడు. వాన! అయిపాయె అనుకుని ఆమె కళ్లు మూసుకుంది.

ఒంటిమీద చినుకు పడలేదు. తిరిగి చూసింది. మద్దిలేటి, తోటి హమాలీలు తూకం ఆపి కాంటా మీద కూర్చున్నారు. యాదయ్య తన బస్తాను ఆమె కుప్ప మీదే జలజలా గుమ్మరిస్తున్నాడు. అతని వెనక వరసంతా బస్తాలు మోసుకొస్తోంది. ఉమారాణి గొంతు చించుకుంటోంది.

"తడివెన్నో, పొడివెన్నో చెప్పి కుప్పల పొయ్యుండ్రి! అందరిదీ ఒక్కటే లెక్క!"