పిల్లలకోడికి ఎన్ని పిల్లలు

ఆ పొద్దున సీతాఫల్‌మండి మీద ఆకాశం విరిగిన పాలలా ఉంది. ముక్కలు ముక్కలుగా తెల్లమబ్బు, సందుల్లో నీళ్ళలాంటి నీలం. పర్వతాలు వేపపుల్ల నములుతూ మిద్దె మీద నిలబడి, వాటర్ ట్యాంకు అంచును ఆనవాలుగా పెట్టుకొని, ఆ ముక్కలు ఎటు జరుగుతున్నాయో చూశాడు. పడమటికి జరుగుతున్నాయి. సాయంత్రానికి తేటపడుతుందని అనుకున్నాడు. పక్కన ఎవరైనా ఉన్నా పైకి అనేవాడు కాదు.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ముప్పై నాలుగేళ్ళు పట్టాల వెంబడి నడిచిన మనిషి. సుత్తెతో కొడితే పట్టా పలికే తీరును బట్టి పగులు ఎక్కడుందో చెప్పగలడు. అన్నేళ్ళూ చూపు కిందికే. రిటైరైన ఏడాదికి, కార్ఖానా బస్తీలో పాత కెమెరాలు బాగుచేసే దుకాణంలో ఒక దుర్భిణి కనబడితే తెచ్చుకున్నాడు. ఎందుకని భార్య పుష్పమ్మ అడిగితే "సూద్దామని" అన్నాడు.

ఏం చూద్దామనో చెప్పలేదు. పుష్పమ్మ చిన్నతనంలో వాకిట్లో పడుకొని పిల్లలకోడి అనే చుక్కల గుంపును లెక్కపెడితే ఆమెకు ఏడు కనబడేవట. వాళ్ళ అక్కకు ఆరే. ఊరంతా అక్క మాటే నమ్మి ఈమెకు 'అబద్ధాల పుష్పి' అని పేరు పెట్టింది. నలభై ఏళ్ళ కాపురంలో పర్వతాలు ఈ సంగతి ఏటా ఒకసారైనా విన్నాడు. ఇప్పుడు ఈ పట్నపు వెలుతురులో పిల్లలకోడే కనబడదు. ఆమెకు ఆ ఏడో చుక్కను ఒక్కసారి చూపించాలన్నది అతని కోరిక.

కొత్త పని గనక మంచిరోజు చూసుకొని మొదలుపెట్టాడు. కార్తీక పున్నమి. దుర్భిణికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మిద్దె ఎక్కారు. చుక్కలు లేవు, కోడి లేదు. వెల్డింగు మంటలాంటి చంద్రుడొక్కడే. పుష్పమ్మకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"దుకాణపోడు గుడ్డిదాన్ని అంటగట్టిండు నీకు. ఇగ నేను దాంట్ల కన్ను పెట్ట," అని ఒట్టు పెట్టుకొని దిగిపోయింది.

కింది వాటాలో ఉండే రిచర్డ్ సారు లెక్కల మాస్టరుగా పనిచేసినవాడు. సంగతి విని కుర్చీలోంచి లేచి మరీ నవ్వాడు.

"పర్వతాలు గారూ, సంవత్సరం మొత్తంలో ఇంతకంటే చెడ్డరోజు వెతికినా దొరకదండి! కృత్తికలంటే మీ పిల్లలకోడే కదా. పున్నమి చంద్రుడు సరిగ్గా దాని దగ్గరికొచ్చి కూర్చుంటాడనే ఈ నెలకు కార్తీకమని పేరు. మీరేమో పెళ్ళి బ్యాండు పక్కన నిలబడి ఫోన్లో గుసగుసలు విందామనుకున్నారు."

"మరెప్పుడు సూడాలె సార్?"

"అమావాస్యకి."

పర్వతాలు గడ్డం గోక్కున్నాడు. "అమాస నాడు షురూ జెయ్యాల్నా?"

"మా క్యాలెండర్లో అమావాస్యకి ఏ దోషమూ లేదు లెండి. కావాలంటే నా పేరు మీద చూసెయ్యండి."

ఆ అమావాస్య ఇవాళే. మధ్యాహ్నం అన్నం తిన్నాక పర్వతాలు గోడ మీది క్యాలెండర్ దించి పుష్పమ్మ ముందు పెట్టాడు.

"అమాస పోయిందే."

"యాడికి పోయింది?"

"పన్నెండుంబావుకే అయిపోయింది. ఇప్పుడు పాడ్యమి."

పుష్పమ్మ అద్దాలు పెట్టుకొని చదివింది. మడిచి తిరిగి ఇచ్చింది. "పొద్దు పొడిసినప్పుడు ఏ తిథి ఉంటే దినమంత గదే. మా నాయిన దగ్గర నేర్సుకున్న, నాకు చెప్పకు. అమాస పూట నేను మిద్దెక్క. నువ్వు పో, నీ రిచర్డ్ సారును సుత తీస్కపో."

ఏడు కావస్తుండగా పర్వతాలు పాత ఎర్రజెండా గుడ్డను సెల్‌ఫోన్ లైటుకు చుట్టసాగాడు.

"ఏందయ్యా, ఏ రైలును ఆపవోతున్నవ్?"

"తెల్ల లైటు సూస్తే కన్ను చీకటికి అలవాటు పడదట."

అతని నోట అది పొడవైన మాటే. పైకి వెళ్ళాడు. రైల్వే స్టేషను లైట్లు కంట పడకుండా ట్యాంకు చాటున ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. మబ్బు పూర్తిగా పోయింది. తూర్పున, పక్కింటి కొబ్బరిమట్టకు జానెడు పైన, అద్దం మీద ఊదిన ఆవిరిలాంటి మరక. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఊపిరి బిగబట్టి దుర్భిణి ఎత్తాడు. చేటలో చెరిగిన నూకల్లా కనబడ్డాయి. లెక్కపెట్టబోయి ఆగాడు. ఆ లెక్క తనది కాదు.

కిందికి వచ్చేసరికి పుష్పమ్మ జొన్నరొట్టె తడుతోంది.

"కనవడ్డదా?"

"కనవడ్డది."

"ఎన్నున్నయ్?"

పర్వతాలు కుండలోంచి నీళ్ళు ముంచుకొని నిదానంగా తాగాడు.

"ఆరు."

రొట్టె మీద చెయ్యి ఆగింది. "జెర మంచిగ సూసినవా?"

"మీ అక్క చెప్పినట్టే ఉన్నయ్."

పుష్పమ్మ పొయ్యి ఆపి, పిండి చేతులు కడుక్కొని కొంగుకు తుడుచుకుంది. "పట్టాలు సూసి సూసి మొద్దువారినయ్ నీ కండ్లు. తే ఇటు!"

"అమాస గద..."

"పన్నెండుంబావుకే పోయిందంటివి గద, నడువ్!"

పైన పర్వతాలు ఆమె మోచేతులను పిట్టగోడ మీద ఆనించి, దుర్భిణిని తూర్పుకు తిప్పి పెట్టాడు.

"ఒణుకుతున్నయన్నీ."

"ఊపిరి బిగవట్టు."

కాసేపటికి లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర కొంచెం ఆగింది.

"ఏడు," అంది. "ఎనిమిది. తొమ్మిది... అవ్వో!"

ఇరవై దాటాక లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. మళ్ళీ తప్పింది.

"నువ్వు ఆరన్నవ్."

"అన్న."

"దొంగముండకొడుకువు," అంది దుర్భిణి దించకుండానే. అంత ప్రేమగా ఆమె తిట్టి చాలా ఏళ్ళయింది. పర్వతాలు చీకట్లో మీసం తడుముకున్నాడు.

ఆమె అక్కడే నిలబడి ఊళ్ళో ఉన్న అక్కకు ఫోన్ కలిపింది. "అక్కా, పిల్లలకోడికి ముప్పై పిల్లలే! నా కండ్లతోని సూసిన!"

అవతలి గొంతు పర్వతాలుకు కూడా వినబడింది. "అమాస పూట ఏం పిచ్చి మాటలే పుష్పీ? తిని పండుకో."

పుష్పమ్మ ఫోన్ పెట్టేసింది. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాడు. తెచ్చుకోలేదు. కిందికి వెళ్ళి చల్లారిన రొట్టెలు, చిక్కుడుకాయ కూర, రెండు కంచాలు పైకే తెచ్చింది.

చీకట్లో చేతి తడుముడుతోనే తిన్నారు. పుష్పమ్మ తూర్పు దిక్కు తిరిగి కూర్చుంది. రొట్టె తుంచుతుంది, పైకి చూస్తుంది, నములుతుంది. పర్వతాలు ఆమె కంచంలో ఇంకొంచెం కూర వేశాడు. ఆమె వద్దనలేదు. రొట్టె గట్టిపడింది. ఇద్దరూ నిదానంగా ఆఖరి ముక్కదాకా తిన్నారు.