తొక్కని గడపరాయి

నేను ఒక ఆర్మేనియన్ చర్చిని. తాకూహిగారు పోయిన రోజున నాలో ఆ భాష పలికే చివరి గొంతు పోయింది. ఊరివాళ్లకి ఆమె తాకమ్మగారు. అంతకు మూడు రోజుల ముందు, నన్ను రోజూ ఊడ్చే పోలమ్మ చెయ్యి పట్టుకుని, గుమ్మంలో ఉన్న తన ముత్తాత సమాధిరాయిని జనం తొక్కేలా చూడమని మాట తీసుకుంది.

ఆ ముత్తాత హోవాన్. అద్దకం బట్టల వ్యాపారానికి ఈ రేవుకు వచ్చి, నన్ను కట్టించాడు. కరువు ఏడాది అద్దకంవాళ్లు నాలో నిల్వ చేసిన గింజల కోసం వస్తే తలుపు వేయించాడు. వాళ్లలో ఒక ఇంట్లో ఎవరూ మిగలలేదు. ఆ తర్వాత ఆయన ఏ ప్రార్థనలోనూ తల ఎత్తలేదు. తనను గుమ్మంలోనే పూడ్చి పైన పేరు చెక్కమన్నాడు. వచ్చేపోయేవాళ్ల పాదాల కింద ఆ పేరు అరిగిపోయేదాకా తనకు క్షమాపణ లేదన్నాడు.

తాకూహిగారి తర్వాత నన్ను ఉప్పు గిడ్డంగి చేశారు. బస్తాలు మోసేవాళ్లకి కిందికి చూసే తీరిక లేదు. పేరూ ఇంటిపేరూ కలిపి అప్పటికి మిగిలిన పద్నాలుగు అక్షరాల్లో ఏడేళ్లలో ఆరు పోయాయి. దేవుడి ఇంటికి ఇదేం గతి అని బాధపడ్డవాళ్లున్నారు. నేను పడలేదు.

ఆపైన బడి పెట్టారు. మొదటి రోజే అనసూయ పంతులమ్మ గుమ్మం దగ్గర ఆగి, రాత తొక్కకూడదని చెప్పింది. పిల్లలు రాయి దాటి గెంతారు. కాలు తగిలినవాళ్లు వంగి ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. పోలమ్మ తాకమ్మగారి మాటంతా చెప్పి, తొక్కనివ్వమని బతిమాలింది.

"అక్షరాలు తొక్కమని నా నోటితో ఎట్లా చెప్పనే?"

"ఆ రాత మీకే చదవటం రాదు గదండీ. వాటిక్కూడా ఇంత మర్యాదా?"

"రాకపోతే మాత్రం? అక్షరాలే గదే."

పోలమ్మ రోజూ ఊడ్చాక ఆ రాయి మీద తానొక్కతే కాసేపు అటూ ఇటూ నడిచేది. ఒక్క మనిషి నడిస్తే రాయి ఏం అరుగుతుంది?

బడి కొత్త భవనానికి వెళ్లిపోయింది. పాత కట్టడమని నన్ను గుర్తించి, రాయి చుట్టూ ఇనప కటకటాలు బిగించారు. చూడవచ్చినవాళ్లు పక్క తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వస్తారు. నిరుడు పోలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఊచల మధ్య నుంచి పాదం పెట్టబోయింది. మడమ దూరలేదు. వేళ్ల కొసలు మాత్రం రాయికి ఆనాయి. కాసేపు అలాగే నిలబడి వెళ్లిపోయింది.

ఎనిమిది అక్షరాలు ఇంకా అరగలేదు.