బట్టకింత

లాండ్రీలో ఇస్త్రీ బల్లలు పన్నెండు. నాలుగోది నాది, అయిదోది మా వదినది. వదినంటే మా ఆయన అక్క. నాకు ఈ పని ఇప్పించింది ఆవిడే. తొమ్మిదేళ్లుగా కుచ్చుల గౌన్లు ఆవిడ చేసేది, దిండు గలీబులు నేను చేసేదాన్ని. నా చేతిలో పడితే ఏ కుచ్చూ మళ్లీ లేవదు మరి! చేతులతో పాటు నోళ్లూ ఆడేవి. రెండిళ్ల గుట్లూ ఆ ఆవిరిలోనే ఉడికేవి.

కొత్త మేనేజరు వచ్చి నెల జీతం తీసేసి, బట్టకింత అన్నాడు. గౌనైనా ఒకటే, గలీబైనా ఒకటే. గౌనుకు పావుగంట పడుతుందనీ, గలీబుకు అర నిమిషం చాలనీ ఆయనకెవరూ చెప్పలేదు. నేనెందుకు చెబుతాను?

మొదటి నెల నా జీతం కవరు ఉబ్బింది, వదినది చిక్కిపోయింది. మేనేజరు ఒక కాగితం పంచాడు: జీతంతో తృప్తిగా ఉన్నారా? 'చాలా' అన్న గడిలో టిక్కు పెట్టాను. పక్క బల్ల వైపు చూడలేదు.

రెండో నెల ఆవిడ అరగంట ముందొచ్చి, గలీబుల మూటలన్నీ తన బల్ల కిందికి లాక్కుంది.

"ఇదేంటి వదినా?"

"బట్టకింత అన్నారుగా," అంది తలెత్తకుండా.

ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి నేను మాట మానేశాను. తువ్వాళ్ల మీద పడ్డాను. గౌన్లు మూలన గుట్టలు పడ్డాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు. ఆ నెలా నాకు పాత జీతం కంటే ఎక్కువే వచ్చింది. కానీ వదినకు ఇంకా ఎక్కువొచ్చిందని తెలిశాక అన్నం సహించలేదు. మేనేజరు మళ్లీ ఆ కాగితం పంచితే, 'అస్సలు లేదు' గడిలో చిరిగేలా టిక్కు కొట్టాను.

మేనేజరు పిలిచాడు. "జీతం పెరిగింది కదమ్మా, ఇంకేంటి బాధ?"

ఆవిడకు ఎక్కువొచ్చిందని ఏ నోటితో చెప్పను? "ఇస్త్రీపెట్టె బరువుగా ఉంది సార్," అన్నాను.

ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. "మీ వదినగారూ అంతే. అందరికంటే ఎక్కువ తీసుకుని, ఒక్క గడిలోనూ టిక్కు పెట్టలేదు."

"ఆవిడకేం రోగమండీ?"

కాగితం తీసి చదివాడు. "'మా మరదలు నాతో మాట్లాడటం లేదు' అని రాసింది. దీన్ని ఏ లెక్కలో వెయ్యను? పక్కన పెట్టేశాను. మీదైతే పనికొచ్చే ఫిర్యాదు."

వారం తిరక్కుండా నాకు తేలికపాటి ఇస్త్రీపెట్టె వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అయిదో బల్ల వైపు తిరగాలో మాత్రం నాకింకా తెలియలేదు.