వడ్రంగి చేతి వాసన

కుక్క తోక వంకర అన్నవాళ్ళెవరో గానీ, వాళ్ళు ఈ వడ్రంగి మేస్త్రీ కుక్కను చూసి ఉండరు. దానికి తోక ఒక్కటే తిన్నగా ఉండేది, మిగతాదంతా వంకరే. పేరు రంపం. ఆ పేరు మేస్త్రీ పెట్టలేదు, దాని పళ్ళే తెచ్చిపెట్టాయి. పొద్దున మేస్త్రీ పనికీ, భార్య బట్టల ఫ్యాక్టరీకీ వెళ్ళి వచ్చేలోపు అది ఇల్లు పీకి పందిరి వేసేది. పందిరి కూడా కాదు, పీకడం వరకే. స్టూలు కాళ్ళు తినేసింది. సుత్తి పిడి తినేసింది. వీధి తలుపు అడుగున ఎంత తిన్నదంటే, పక్కింటి పిల్లి ఆ కంతలోంచి వచ్చి, పాలు తాగి, మర్యాదగా మళ్ళీ ఆ దారినే వెళ్ళేది.

ఓ ఆదివారం పైవాటాలో ఉండే ఓనరమ్మ మెట్లు దిగి వచ్చింది.

"చూడు మేస్త్రీ, వచ్చే ఆదివారానికి దానికి బుద్ధన్నా రావాలి, అదన్నా పోవాలి. లేదంటే ముగ్గురూ కలిసి ఖాళీ చెయ్యండి."

దాన్ని పంపెయ్యడం మేస్త్రీ వల్ల అయ్యే పని కాదు. వానకాలంలో మురిక్కాలవలోంచి పిడికెడు కూనను తీసి, చొక్కాలో దాచుకుని తెచ్చాడు. మూడేళ్ళుగా దాన్ని నాలుగు తిట్లు తిట్టందే ఆయనకు అన్నం సహించదు.

పశువుల డాక్టరు విని, "ఒంటరిగా ఉండలేకపోతోంది. ఒక నిమిషం బయటికెళ్ళి రా, తర్వాత రెండు, తర్వాత ఐదు. అది గోల చేస్తుంటే మాత్రం లోపలికి పోకు" అన్నాడు.

మేస్త్రీ పని మానుకుని తలుపు బయట నిలబడ్డాడు. లోపల రంపం ఒక్క కూత పెట్టగానే ప్రాణం ఉసూరుమని తలుపు తీసేవాడు. రెండు రోజులకు శిక్షణ పూర్తయింది. కుక్క పిలిస్తే రావడం మేస్త్రీకి బాగా వచ్చేసింది.

తలుపుకి కారం పూశాడు. రంపం నాకింది, బకెట్టెడు నీళ్ళు తాగింది, నోరు చల్లబడ్డాక రెండింతలు కొరికింది.

సాయంత్రం కాగానే అది తిన్నచోట కొత్త చెక్క అతికించి, చిత్రిక పట్టి, అరచేత్తో నిమిరి చూసుకునేవాడు. బుధవారం భార్య అన్నం కలుపుతూ అదే పనిగా చూసింది.

"ఏమయ్యా, అది కిటికీ జోలికి పోలేదు, చూశావా?"

"కిటికీ అంత రుచిగా ఉండదేమోలే."

"జోకులాపు. కిటికీ మనం రాకముందుది. నువ్వు చేసినవే తింటోంది. నీ చెయ్యి ఎక్కడ పడితే అక్కడే కొరుకుతోంది. నీకోసం వెతుక్కుంటోందయ్యా అది! రోజూ సాయంత్రం నువ్వే కొత్తగా వడ్డించి పెడుతున్నావు."

మేస్త్రీ చేతిలో చిత్రిక ఆగిపోయింది.

"మరి తలుపు ఎవరు చేస్తారు?"

"మా తమ్ముడు."

ఆ బావమరిదీ వడ్రంగే. వాడు చేసిన బల్ల మూడు కాళ్ళ మీద నిలబడుతుందనీ, నాలుగో కాలు ఊరికే చూడ్డానికి వస్తుందనీ వీధంతా చెప్పినవాడు మేస్త్రీయే. అయినా గొంతులో వెలక్కాయ పడ్డట్టు మింగలేక కక్కలేక కబురు పెట్టాడు.

"ఏం బావా, చివరికి నా చెయ్యే పడాల్సొచ్చిందా?"

"నీ పని కుక్క కూడా ముట్టదని తెలిసే పిలిచాన్రా."

నిజంగానే ముట్టలేదు. గురువారం వాడు తలుపు బిగించి పోయాక, శుక్ర, శని, రెండు రోజులూ మేస్త్రీ పనికి వెళ్ళాడు. ఇంట్లో ఉన్న తన చేతి సామాను ముందే మూటగట్టి బయట పెట్టాడు. రంపం కొత్త తలుపు పక్కన ముడుచుకుని పడుకుంది. శనివారం ఓనరమ్మ తొంగిచూసి "ఫరవాలేదే!" అంది. ఆ రాత్రి మేస్త్రీ ఈల వేస్తూ గిన్నెలు కడిగాడు.

ఆదివారం పొద్దున ఆలుమగలు గంటసేపు బజారుకెళ్ళారు. తలుపు బావమరిదిది కదా! గడియ పడ్డట్టే ఉంటుంది, ముక్కుతో తోస్తే చాలు. రంపం తోసింది. మెట్లెక్కింది. పైన ఓనరమ్మ తలుపు మేస్త్రీ జన్మలో చేసిన పనుల్లోకెల్లా గొప్పది. పదకొండు రోజులు పువ్వులు చెక్కి, ఒక్కో రేకునీ వేలితో నిమిరి నున్నగా చేశాడు.

వీళ్ళు వచ్చేసరికి మెట్ల నిండా పువ్వులే. తలుపులో పడిన కంతకు అవతల ఓనరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. తిట్టలేదు.

"ఇవాళ ఏ వారం మేస్త్రీ?"

"ఆదివారమండి."

"అంతే."

కిందికి వచ్చాక భార్య మెల్లగా, "ఇంకో ఇల్లు చూసుకుందామా?" అంది.

"ఏ ఇంటికైనా తలుపుంటుంది కదే."

సాయంత్రం రంపాన్ని ఊరి చివర కట్టెకోత మిల్లులో ఇచ్చేశాడు. మిల్లాయనకు కాపలా కుక్క కావాలి. "పళ్ళు మంచివి కావండి, జాగ్రత్త" అని మరీ మరీ చెప్పాడు.

మంగళవారం ఉండబట్టలేక వెళ్ళాడు. నాలుగు లారీల టేకు, కొండంత మద్ది, వాటి మధ్య గొలుసుతో రంపం.

"ఇదేనా నువ్వు రాక్షసి అన్నది?" మిల్లాయన నవ్వాడు. "ఒక్క పుల్ల ముట్టలేదయ్యా. బంగారం!"

మేస్త్రీ ఒక చెక్కముక్క తీసి, రెండు చేతులా బాగా రుద్ది, దాని ముందు పెట్టాడు. "తినవే" అన్నాడు. రంపం వాసన చూసి, దాన్ని వదిలేసి, గొలుసు సాగినంత మేర ఆయన వెనకే నడిచింది.

"కొత్త కదా, నాలుగు రోజులైతే మరిచిపోతుంది" అన్నాడు మిల్లాయన.

"అవునండి, మరిచిపోతుంది" అని మేస్త్రీ సైకిలెక్కాడు. గేటు దాటేదాకా గొలుసు చప్పుడు వినిపించింది. తర్వాత మిల్లులో కోత మొదలుపెట్టారు.