పదిన్నర గంటల అడవి

చోవా చూ కాంగ్‌లో పదో అంతస్తు వసుంధర లిఫ్టులో దొరికిన ప్రతివాళ్లకీ చెప్పిందట: తన భర్త చక్రధర్ దేశం కాని దేశంలో, ఈ తంజోంగ్ పగార్ ఆఫీసులో కుర్చీ దిగకుండానే శ్రీకాకుళంలో తోకమెట్ట మీద అడవి పెంచేశాడని, అవార్డు కూడా ఇచ్చారని. కబురు కింది అంతస్తుకి దిగేసరికి ఆ అడవిలో నెమళ్లు చేరాయి. క్రాంజీలో కార్మికులుండే డార్మిటరీకి పాకేసరికి మెట్ట పేరొక్కటే మిగిలింది.

అది చాలు గణపతికి. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే అతనిది ఆ మెట్ట కింది ఊరే. తమ జీడితోట చుట్టూ ఎవరో ఎర్ర జెండాలు పాతారనీ, వచ్చే నెల కంచె వేసి తోట లాక్కుంటారనీ తమ్ముడు అప్పటికే ఫోన్‌లో ఏడ్చాడు. ఆదివారం గణపతి రెండు బస్సులు మారి చక్రధర్ ఫ్లాట్‌కి వచ్చాడు.

అక్కడ అవార్డు విందు. టీవీ మీద ఉపగ్రహం తీసిన తోకమెట్ట బొమ్మలు; అడవి ఎంత పెరిగిందో చక్రధర్ వీటిని చూసే లెక్కగట్టాడు. చక్రధర్‌కి ఒక చేతిలో బిర్యానీ ప్లేటు, ఇంకో చేతిలో రిమోటు.

"ఇది ఐదేళ్ల కింద మే నెలలో. ఇది ఈ జనవరిలో. పడమటి వాలు చూడండి, ఎంత దట్టంగా పెరిగిందో. తూర్పున ఈ ఎర్రమచ్చ మాత్రం అడవి నరికేసిన చోటు. కంచె వేసి బాగుచేస్తాం."

"ఆ ఎర్రమచ్చ మా తోట బాబూ," అన్నాడు గణపతి గుమ్మం దగ్గర నుంచే. "తుపానుకి ముసలి జీడిచెట్లు పడిపోనాయి. అంటుమొక్కలు ఏసినాం. మోకాలెత్తు ఉన్నాయి."

"ఏడొందల కిలోమీటర్ల పైనుంచి మోకాలెత్తు మొక్కలు కనపడవయ్యా."

"నేని అడవి ఎలా కనపడిందేటి మరి? పడమటేపు కంకర క్వారీ. నిట్టనిలువు రాయి, గడ్డి కూడా మొలవదు. ఈ బొమ్మ ఏ టైముకి తీసినారు?"

"ఉదయం పదిన్నరకి." ఆ కచ్చితత్వానికి చక్రధర్ గొంతులో కాస్త గర్వం పలికింది.

"సంక్రాంతి రోజుల్లో ఆ టైముకి అటేపు ఎండ పడదు బాబూ. మీరు సూసింది మెట్ట నీడ."

నల్లగా కనపడిన చోటల్లా కంప్యూటరు దట్టమైన అడవి అని పచ్చరంగు వేస్తుంది. నీడని లెక్కగట్టి తీసేసే పద్ధతి ఒకటుంది. రిపోర్టు గడువు ముంచుకొచ్చి చక్రధర్ అప్పుడు దాన్ని పక్కన పెట్టేశాడు.

"ముందు బిర్యానీ తిను బాబూ, అంత దూరం నుంచి వచ్చావు," అంది వసుంధర.

చక్రధర్ టీవీ కట్టేశాడు. "రిపోర్టు వెళ్లిపోయింది, అవార్డూ వచ్చేసింది. ఇప్పుడు నీడ అంటే ఎలా? కంచె ఆపడం నా చేతుల్లో లేదు."

గణపతి ప్లేటు అందుకోలేదు.

"అయితే ముందు ఆ అడవికి ఏయండి కంచె. నేకపోతే సాయంత్రానికి అది మెట్ట దిగి మా తోటలోకి వొచ్చీస్తది."