రెండో సీజన్లో కనపడని తండ్రి

ఆ థాయ్ సీరియల్ రెండో సీజన్ తీసినవాళ్ళు ఎప్పుడైనా ఎదురుపడితే నేను అడగాల్సింది ఒక్కటే. ఆ తండ్రిని ఏం చేశారు?

మొదటి సీజన్ ముగ్గురం కలిసి చూశాం. నేను, తమ్ముడు కళ్యాణ్, మా నాన్న వీరాంజనేయులు. జీవితమంతా సముద్రం మీద తిరిగిన నాన్న, మోకాళ్ళు మొరాయించాక బందరు గిలకలదిండిలో ఇంటిపట్టున వలలు బాగుచేస్తూ కూర్చుంటున్నాడు. అమ్మ లేదు. నా అత్తారిల్లు రెండు వీధుల అవతలే. కళ్యాణ్ గుడివాడలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వస్తాడు. వాడే ఫోన్లోంచి ఆ సీరియల్ని టీవీలో పెట్టాడు. కింద వచ్చే ఇంగ్లీషు మాటలు చదివి నాన్నకి తెలుగులో చెప్పడం నా పని. టీచర్ని కదా, నాకు తప్పదట.

కథ ఇద్దరు మగపిల్లల ప్రేమ. ఒకడు బ్యాంకాక్‌లో చదివే డబ్బున్న కుర్రాడు, రెండోవాడు దీవిలో చేపలు పట్టేవాళ్ళ అబ్బాయి. పేర్లు నోరు తిరక్క నాన్న మొదటివాణ్ణి పొడుగోడనీ, రెండోవాణ్ణి మనోడనీ పిలిచేవాడు. ఆయన చూసింది ప్రేమ కోసం కాదు, పడవల కోసం. వాళ్ళ పడవ వెనక పొడుగాటి రాడ్డు ఉంటుంది, దాని చివర నీళ్ళు కోసే ఫ్యాను. అది కనపడితే చాలు, వెనక్కి తిప్పించేవాడు. ముద్దు సీను వచ్చినప్పుడు నేను గొంతు సవరించుకుంటూ ఆగిపోతే, "దీనికి నువ్వు చదవక్కర్లేదులేవే, తెలుస్తానే ఉంది" అన్నాడు.

చివరి ఎపిసోడ్లో పొడుగోడు దీవికి వచ్చాడు. వల సర్దుకుంటున్న మనోడి తండ్రి ముందు నిలబడి, మీ అబ్బాయంటే నాకు ఇష్టం అన్నాడు. తండ్రి తలెత్తి చూశాడు. అక్కడితో సీజన్ అయిపోయింది.

"ఏమన్నాడే?" అన్నాడు నాన్న.

"రెండో సీజన్లో తెలుస్తది నాన్నా."

"అప్పటిదాకా ఆ కుర్రోడు ఎండలో నిలబడాలా?"

ఆ సాయంత్రమే కళ్యాణ్ నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పాడు. గుడివాడలో వాడితోపాటు ఉండే జస్వంత్ రూమ్మేట్ కాదు. ముదినేపల్లి రైతుల బిడ్డ, వాళ్ళకి చేపల చెరువులున్నాయి. ఇద్దరూ కలిసి బతుకుతున్నారు. రెండో సీజన్ రాగానే ఆ తండ్రి ఒప్పుకుంటాడు, అది చూసి నాన్న మెత్తబడతాడు, అప్పుడు చెప్పేస్తానని వాడి ప్లాను.

"ఆ తండ్రి ఒప్పుకోకపోతే?"

"సీరియల్ కదక్కా. ఒప్పుకుంటాడు."

నాకు ఒళ్ళు మండింది. తన బతుకుని తీసుకెళ్ళి ఎవడో సీరియల్ రైటర్ చేతిలో పెట్టినవాడు మా ఇంట్లోనే పుట్టాలా? భయం కూడా వేసింది. నాన్న కాదంటే వాడు ఇక బందరు ముఖం చూడడని నాకు తెలుసు.

ఎట్టకేలకు రెండో సీజన్ వచ్చింది. దీవి లేదు, పడవ లేదు. అద్దాల ఆఫీసు, కోట్లు, మీటింగులు. పొడుగోడికి యాక్సిడెంటై మనోణ్ణి మర్చిపోయాడు. ఎక్కణ్ణించో ఒక మరదలు ఊడిపడింది. సందు దొరికితే ఇద్దరూ నూడిల్స్ తింటూ ప్యాకెట్ మనకి చూపిస్తారు. చదివి చెప్పడానికి నాకే సిగ్గేసింది.

నాన్న మాత్రం ప్రతి వారం కూర్చున్నాడు, ప్రతి వారం అడిగాడు. "ఇద్దరూ ఒకింట్లో ఉంటే వంటెవరిదే? మనోడు పండక్కి ఊరెళ్తే ఆ పొడుగోడు ఎక్కడ తింటాడు? జరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తాడు?" అవేవీ చూపించరు నాన్నా అంటే, "మరి ఇన్ని గంటలు ఏం చూపిస్తున్నార్రా" అని విసుక్కునేవాడు. కళ్యాణ్ తల వంచుకుని గోళ్ళు గిల్లుకునేవాడు.

ఆఖరి ఎపిసోడ్ ఉన్న ఆదివారం కళ్యాణ్ జస్వంత్‌ని వెంటబెట్టుకొచ్చాడు. కుర్రాడు బాగున్నాడు, మర్యాదస్తుడు. నమస్కారమండీ, మాది ముదినేపల్లి అని కుర్చీ అంచున కూర్చున్నాడు. "చెరువు చేపలోళ్ళా మీరు?" అని నాన్న, సముద్రం మీది మనిషి కదా, అదోలా నవ్వాడు. అవునండీ అన్నాడు పాపం.

చివరి పది నిమిషాల్లో మనోడు దీవికి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది పక్కింటావిడ. మీ నాన్న ఫారిన్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు అంది. పాట మొదలైంది, పేర్లు పడ్డాయి.

నేను తెలుగులో చెప్పాను. "చేపలు పట్టుకునేవాడికి ఫారిన్‌లో ఉద్యోగమేంటి" అని నాన్న లేచి, కర్ర తీసుకుని రేవుకి వెళ్ళిపోయాడు.

కళ్యాణ్ టీవీ ఆపేశాడు. "ఇక ఎలా చెప్పనక్కా" అన్నాడు.

నాన్న ఐసులో పెట్టిన చేపలతో తిరిగొచ్చాడు. ఆయన పాత పడవవాళ్ళు ఇప్పటికీ కూరకని ఆయన వాటా తీసిపెడతారు. వాటిని వసారాలో గోనెపట్టా మీద పోసి పంచుతాడు. మా పేటలో పంపకం మనిషికి కాదు, పొయ్యికి. పెళ్ళయి వేరే పొయ్యి పెట్టినవాళ్ళకే కుప్ప పడుతుంది. నా పెళ్ళయిన వారమే నా కుప్ప వేరైంది. పెళ్ళికాని కొడుకు ఎక్కడ వండుకుతిన్నా వాడి భాగం తండ్రి కుప్పలోనే. అందుకే మాకు ఎప్పుడూ రెండే కుప్పలు.

ఆవేళ నాన్న మూడు వేశాడు. మూడోదాంట్లో మంచి చందువా చేప ఒకటి పెట్టి, ఐసు వేసి, సంచిలో సర్ది, కళ్యాణ్‌కి కాదు, జస్వంత్ చేతికిచ్చాడు.

జస్వంత్ చిన్నబోయాడు. "పర్లేదండీ, నేను బయల్దేరతాను" అని చెప్పుల కోసం వెతుక్కున్నాడు. భోజనం పెట్టకుండా పచ్చి చేపలిచ్చి పంపేస్తున్నారనుకున్నాడు.

కళ్యాణ్ గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. "కూర్చో జస్వంత్, భోజనం ఉంది. నాన్న నిన్ను పంపేయట్లేదు, మీ ఇంటికి వాటా ఇచ్చాడు" అన్నాను. అతనికి అర్థమయ్యేలోపు కుప్పల సంగతి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అర్థమయ్యాక సంచి కింద పెట్టలేదు, రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోయాడు.

"నాన్నా, నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ప్రతి ఆదివారం టీవీ చూశాననుకున్నారా?" అన్నాడు నాన్న. "వీడి మొహం చూశాను."

కళ్యాణ్ కళ్ళు తుడుచుకుని, "చెప్దామనే అనుకున్నాను నాన్నా" అన్నాడు.

"అయితే చెప్పు."

"నీకు తెలిసిపోయిందిగా."

"తెలిస్తే? ఆ తండ్రికి కన్నకొడుకు తన నోటితో చెప్పనే లేదు, ఆయన్ని ఊళ్ళోంచే పంపేశారు. నేను ఇక్కడే ఉన్నాను. నీ నోటితో చెప్పు, వింటాను."

చేపల చేతులు ఒళ్ళో పెట్టుకుని నాన్న ఎదురు చూశాడు. కళ్యాణ్ ఆయన ముందు గోనెపట్టా మీదే కూర్చుని చెప్పాడు.